గట్టయ్య పెట్టిన మూడు కేకలు

మాన్‌సింగ్ కుడిచేతి వేళ్లు మూడు విరిగాయి. విరిచినవాడు పని తెలిసిన మనిషి. చిటికెన వేలితో మొదలుపెట్టి వరసగా వచ్చాడు. చూపుడు వేలు, బొటనవేలు జోలికి పోలేదు. సంతకానికి ఆ రెండూ చాలు.

"ఎవరు?" అన్నాడు పరశురాములు.

"అబ్రహాం సారు," అన్నాడు మాన్‌సింగ్.

పరశురాములు తల ఊపాడు. పరశురాములు ముప్పై ఏళ్లు హెడ్ కానిస్టేబుల్‌గా చేసి దిగిపోయి, జనగామ బస్టాండు వెనక ఒక గదిలో డిటెక్టివ్ పని పెట్టుకున్న మనిషి. బోర్డు కూడా లేదు. మాన్‌సింగ్ భార్య రాజీ ఈ పొద్దున మొదటి బస్సుకు మానుకోట నుంచి వచ్చి ఆ గది ముందు కూర్చుంది. ఆమె చెప్పింది నాలుగు ముక్కలే. గట్టయ్య అనే పెద్దమనిషి ఇంట్లో వేడినీళ్ల ట్యాంకుకు నల్లా మార్చడానికి తన మొగుడు పోయాడు. గట్టయ్య ఉడికి చచ్చాడు. నువ్వే చంపినవని మొగుణ్ని చావగొట్టారు. ఈరోజు సాయంత్రం అయిదింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు.

ఇప్పుడు రెండయింది. భూపాలపల్లి దవాఖానలో మంచం పక్కన స్టూలు మీద పరశురాములు. తలుపు బయట ఒక కానిస్టేబులు. అబ్రహాం అనేవాడు హనుమకొండలో ప్రైవేటు డిటెక్టివ్. చచ్చినాయన కొడుకు గోవర్ధన్ వాణ్ని పిలిపించాడు. 'పానా తిప్పి నీళ్లు వదిలింది నేనే' అని మాన్‌సింగ్ చెప్పిన మాట అబ్రహాం ఫోనులో రికార్డై ఉంది. పోలీసులకు అంతకంటే ఎక్కువ అక్కర్లేకపోయింది.

"చేతులు తప్ప మాకేం లేవు బాపూ," అన్నది రాజీ. "గవ్వి కూడ ఇరిసిన్రు. ఇంక లోపలేస్తే మనిషి మిగలడు."

"మొదటి నుంచి చెప్పు," అన్నాడు పరశురాములు మాన్‌సింగ్‌తో. "గడియారం చూసుకుంట చెప్పు."

"మొన్న సాయంత్రం ఆరింటికి గోవర్ధనన్న ఫోన్ చేసిండు. ట్యాంకు అడుగున ప్లాస్టిక్ నల్లా పగిలింది, కారుతుంది, ఇత్తడిది తెచ్చి వెయ్యమన్నడు."

"భూపాలపల్లిల నల్లా మేస్త్రీలు కరువైన్రా? మానుకోట నుంచి నువ్వెందుకు?"

"నేనూ గదే అడిగిన సారూ. నీ చెయ్యే కావాలె అన్నడు. పోయిన నెల ఘనపూర్ల ఆయన ట్రాక్టర్ షెడ్డు కాడ బోరు పైపులు నేనే వేసిన. పది దినాలు ఆడనే పండుకున్న."

"నిన్న ఎన్నింటికి చేరినవు?"

"పొద్దుగాల ఏడు కొట్టంగ. గట్టయ్య సారు, ఆయన భార్య యాదమ్మక్క, కోడలు అఖిల ఉన్నరు. గోవర్ధనన్న లేడు. ఆరున్నరకే ఘనపూర్ పోయిండని అఖిల చెప్పింది. ట్యాంకు వంద లీటర్లది, ఇనుప స్టాండు మీద ఉంది. కరెంటు బంద్ చేసిన. లోపలికి నీళ్లు వచ్చే వాల్వు బంద్ చేసిన. రెండు గంటలు చల్లారనిద్దాం సారూ, పైపు పెట్టి ఖాళీ చేసి నల్లా మారుస్త అన్న. నవ్విండు. 'నేను కరెంటు ప్లాంట్లల బాయిలర్ కాడ ముప్పై ఏండ్లు చేసిన్ర. గీ బుడ్డ దాన్ని చల్లారబెట్టాల్నా' అని నా చేతిల పానా గుంజుకున్నడు."

"నిండిన ట్యాంకు. అడుగున బొక్క చేస్తే నీళ్లు దుంకవా?"

"దుంకవు సారూ. ఇంట్ల వేడినీళ్ల నల్లాలు అన్ని కట్టేసి ఉంటే దుంకవు. పైనుంచి గాలి సొరబడకపోతే నీళ్లు కిందికి దిగవు. దోసెడు కారి ఆగుతయ్. గంతల్నే కొత్త నల్లా బిగియ్యాలె. పాత మేస్త్రీలు చేస్తరు గట్ల. కాని యాడన్న ఒక్క నల్లా ఇప్పిన్రనుకో, ట్యాంకుకు ట్యాంకు మీద పడ్డట్టే. అందుకే ఆయన ముందుగాల మూడుసార్లు కేకేసిండు. 'ఎవ్వరు నల్లా ముట్టొద్దు' అని. వాడకట్టంత ఇన్నరు."

"తర్వాత?"

"ఎల్లకిల పండుకొని స్టాండు కిందికి జరిగిండు. ప్లాస్టిక్‌ది తిప్పంగనే మెడ కాడ ఇరిగి, ముక్క ట్యాంకుల్నే ఉండిపోయింది. పేచ్‌కస్ మొనతోని తవ్వి తీసిండు. దోసెడు కారి ఆగినయ్. 'చూసినవార' అన్నడు. ఇత్తడిది ఇయ్యమని చెయ్యి చాపిండు. ఏడు ఇరవై అయితుండె. గప్పుడు ట్యాంకు గుటగుట అన్నది."

మాన్‌సింగ్ ఆగిపోయాడు. రెండు చేతులకూ మోచేతుల దాకా తోలు లేదు. కట్టిన గుడ్డ నుంచి పసుపు నీరు ఊరుతోంది.

"మొఖం మీదనే పడ్డయ్ సారూ. ఒర్లనీకి నోరు తెరిచిండు, నోట్లకే పోయినయ్. కాళ్లు పట్టి గుంజిన. భుజాలు స్టాండుకు ఇరికినయ్. మనిషి కింద కొట్టుకున్నడు, కొట్టుకున్నడు…"

"నీళ్లు ఎంతసేపు పడినయ్?"

"నిమిషం ఉంటది. మల్ల ఉన్నట్టుండి ఆగినయ్."

పరశురాములు పెన్సిలు ఆగింది. "ఖాళీ అయి ఆగినయా?"

"లేదు సారూ. ఎవలో నల్లా కట్టేసినట్టే ఆగినయ్. గప్పుడు నేను బొక్కల రుమాలు కుక్కి, ఆయనను బయటికి గుంజిన. దవాఖాన చేరకముందే పాణం పోయింది."

"గిది అబ్రహాంకు చెప్పినవా?"

"చెప్పిన. చెప్పినప్పుడల్లా ఒక వేలు ఇరిసిండు."

పరశురాములు లేచాడు. గుమ్మం దగ్గర రాజీని చూసి, "మంచం విడిచి కదలకు," అన్నాడు. ఆమె నంబరు ఫోనులో వేసుకున్నాడు.

చెల్పూర్ పోయే దారిలో గట్టయ్య ఇల్లు చేరేసరికి మూడు పది. పాత పరిచయం మీద సి.ఐ. రాసిచ్చిన చీటీ జేబులో ఉంది, గంటసేపు చూసుకోమని. ఇంటి ముందు శామియానా, ఎవరో నలుగురు కుర్చీల్లో. నిన్న పోస్టుమార్టం అయ్యాక సాయంత్రమే దహనం చేశారు. యాదమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. పరశురాములును చూసి లేవబోయింది. అతను చేత్తో వారించాడు.

"కూసో చెల్లె. నాలుగు మాటలు అడిగి పోత."

"అడుగన్నా. అడిగి అడిగి పోతనే ఉన్నరు."

ముందు బాత్‌రూం చూశాడు. స్టాండు రెండడుగుల ఎత్తు. దాని కింద మనిషి పడుకోవచ్చు కానీ పక్కకు దొర్లలేడు. స్టాండు ఒక కాలికి అరచేయంత తోలు అతుక్కుని ఎండి ఉంది. ఎవరూ తీయలేదు, బహుశా అది ఏమిటో తెలుసుకోవడం ఎవరికీ ఇష్టం లేదు. నేల మీద విరిగిన ప్లాస్టిక్ మెడ, మరల దగ్గర పిప్పి పిప్పి. పక్కనే బిగించని కొత్త ఇత్తడి నల్లా. ట్యాంకు బొక్కలో మాన్‌సింగ్ రుమాలు. నీళ్లు లోపలికి వచ్చే వాల్వు కట్టే ఉంది. వేలి కణుపుతో ట్యాంకును పైనుంచి కిందికి కొట్టుకుంటూ వచ్చాడు. సగం దాకా బోలు మోత. సగం కింద గట్టి మోత.

సగం నీళ్లు ఇంకా లోపలే ఉన్నాయి. ఏడు ఇరవైకి ఎవరో ఒక నల్లా విప్పారు. నిమిషం తర్వాత వాళ్లే కట్టేశారు.

బయటికి వచ్చి యాదమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఆయన కేకలు విన్నవా?"

"ఎవరు వినలేదు గనక. ప్లాంటుల పద్ధతన్నా అది. ఇంట్ల బల్బు మార్చినా మూడు కేకలే. వంటింట్లకెళ్లి అఖిల కూడ 'సరే మామా' అన్నది."

"వేడినీళ్ల నల్లాలు ఎన్ని ఉన్నయ్ ఇంట్ల?"

"మూడు. బాత్‌రూంల, వంటింట్ల, మీద గోవర్ధన్ గదిల."

"నిన్నటి సంది ఎవరన్న ముట్టిన్రా?"

"పీనుగ లేసిన ఇంట్ల పొయ్యే ముట్టియ్యలేదు. పక్కింటోళ్లు అన్నం తెస్తున్నరు. వంటింట్లకు, బాత్‌రూంలకు పోయింది ఎవలు?"

పరశురాములుకు కావలసింది అదే. పైపుల సంగతి అతనికి కొంచెం తెలుసు. గాలిని పీల్చిన నల్లాకు పోయే పైపు ఖాళీగా ఉంటుంది, అందులోని నీళ్లు ట్యాంకులోకి జారిపోతాయి. కట్టి ఉన్న నల్లాల పైపుల్లో నీళ్లు అట్లాగే నిలిచి ఉంటాయి. ఒక్కో నల్లాను ఒక్కసారి విప్పి చూస్తే చాలు. రెండోసారి చూడడానికి ఏమీ మిగలదు.

ఒక చెంబు పట్టుకుని వంటింటి వైపు తిరిగాడు. అప్పటికే అక్కడ మనిషి ఉన్నాడు. నలభై ఏళ్లు, మెడ లేని మనిషి, చొక్కా చేతులు పైకి మడిచాడు. బండ దగ్గర నిలబడి వేడినీళ్ల ఎర్ర చుక్క ఉన్న నల్లా మీద చెయ్యి వేశాడు.

"జనగామల తప్పిపోయిన బర్రెలన్ని దొరికినయా కాకా?" అన్నాడు అబ్రహాం. "గీడిదాక వచ్చినవు."

"గా నల్లా ముట్టకు."

"చేతులు కడుక్కుంట. నిన్నటి సంది నీ లంబాడోని నెత్తుటి వాసనే పోతలేదు."

"ముట్టకన్న."

అబ్రహాం నవ్వి నల్లా తిప్పబోయాడు. పరశురాములు చెంబుతోనే మణికట్టు మీద కొట్టాడు. ఎముక టక్కుమన్నది. అబ్రహాం రెండో చేతి మోచెయ్యి విసిరాడు. అది నోటి మీద తగిలి పరశురాములు కింది పెదవి చీలింది, ఒక పన్ను నాలుక మీదికి వచ్చింది. వెనక్కి తూలినవాణ్ని అబ్రహాం మెడ పట్టి గోడకు వేసి కొట్టాడు. ఒకసారి కొట్టాడు, రెండోసారికి గోడ మీద ఎర్రగా మరక పడింది. అరవై ఏళ్ల మనిషి ఇంక లేవడనుకుని పట్టు వదిలాడు. అదే పొరపాటు. పరశురాములు కిందికి జారుతూనే వాడి మోకాలి చిప్పను మడమతో పక్కనుంచి తన్నాడు. మనిషి వంగాడు. వంగిన తల వెంట్రుకలు పట్టి బండ అంచుకు దించాడు. కనుబొమ్మ తెరుచుకుంది. నెత్తురు ఒక్కసారిగా కంట్లోకి దిగింది.

"ముప్పై ఏండ్లు నేనూ కొట్టిన," అన్నాడు పరశురాములు, పన్ను ఉమ్మేసి. "కొడితే వచ్చిన మాట ఒక్కటి నిలబడలేదు. గిప్పుడు నోరు మూసుకొని చూడు. నల్లా ఒక్కసారే చెప్తది."

అబ్రహాం నేల మీద కూర్చుని కంటికి చొక్కా అడ్డం పెట్టుకున్నాడు. తిట్టాడు కానీ లేవలేదు. వాడిలోని డిటెక్టివు కూడా చూడాలనుకున్నాడేమో.

పరశురాములు యాదమ్మను, శామియానా కింద కూర్చున్న ఇద్దరిని పిలిచి సాక్షులుగా నిలబెట్టాడు. సంగతి వాళ్లకు రెండు మాటల్లో చెప్పాడు. మొదట బాత్‌రూం నల్లా. విప్పగానే చెంబులో సగం దాకా నీళ్లు పడి ఆగాయి. తర్వాత వంటింటి నల్లా. మళ్లీ సగం చెంబు.

"వంటింట్ల విప్పలే," అన్నాడు ఒక సాక్షి. అతని గొంతులో ఊరట ఉంది. అప్పటిదాకా అందరూ కోడలి వైపే చూస్తున్నారు.

అఖిల మాత్రం ఊరట పడలేదు. తలుపు పట్టుకుని నిలబడింది. చూపు మెట్ల మీద ఉంది.

పై గదికి తాళం. "తాళంచెవి ఆయన కాడనే ఉంటది," అన్నది అఖిల.

"తాళం ముడితే కేసు పెట్టిస్త," అన్నాడు అబ్రహాం కింద నుంచి.

పరశురాములు రోకలి తెప్పించి నాలుగు దెబ్బలు వేశాడు. గొళ్లెం ఊడింది. గది మూలన చిన్న తొట్టి, దాని మీద ఎర్ర చుక్క నల్లా. చెంబు పెట్టి విప్పాడు. పూర్తిగా విప్పాడు. ఒక్క బొట్టు రాలేదు. చెంబు తిరగేసి సాక్షులకు చూపించి, అది పట్టుకుని మెట్ల మీదికి దిగి వచ్చాడు.

కింద అబ్రహాం కుంటుకుంటూ మెట్ల దాకా వచ్చి ఆ చెంబు చూశాడు.

"ఆరున్నరకు ఘనపూర్ పోయిన మనిషి," అన్నాడు పరశురాములు, "ఏడు ఇరవైకి గా గదిల నల్లా ఎట్ల విప్పిండు బిడ్డా?"

అఖిల మెట్టు మీద కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుంది. యాదమ్మ కోడలి వైపు, చెంబు వైపు మార్చి మార్చి చూసింది.

"నేను చెప్పింది అబద్ధం," అన్నది అఖిల కొంగు తీసి. "పోయిండని చెప్పమన్నడు, చెప్పిన. మీదనే ఉన్నడు. మామ ఒర్లుడు వినంగనే మెట్లు ఉరుక్కుంట దిగిండు. బాత్‌రూం కాడికి పోలే. నా కాడికొచ్చి భుజాలు పట్టుకొని ఊపిండు. 'కేకలు పెట్టింది బాపు గదా. కింద పండుకున్నది బాపు ఎట్లయితడు' అన్నడు. మల్ల వెనక గోడ దుంకి పోయిండు. ఎనిమిదింటికి ఏమెరగనట్టు వచ్చిండు."

"గోవర్ధన్ ప్లాంటుల చేసిండా?" అన్నాడు పరశురాములు.

"కాంట్రాక్టు మీద రెండేండ్లు చేసిండు," అన్నది యాదమ్మ మెల్లగా. "వాళ్ల బాపు కిందనే."

అయితే అంతే. ప్లాంటులో కేక పెట్టేవాడు బయట నిలబడతాడు. పని చేసేవాడు లోపల పడుకుంటాడు. ఒక్క మనిషి రెండూ చేయడు. కేకలు తండ్రి గొంతులో వినిపించాయి గనక స్టాండు కింద ఉన్నది మేస్త్రీ అని గోవర్ధన్ లెక్క కట్టుకున్నాడు. పానా గుంజుకుని పడుకునే తండ్రి ఆ లెక్కలో లేడు. అరుపులో తండ్రి గొంతు గుర్తుపట్టి నల్లా కట్టాడు. అప్పటికి సగం ట్యాంకు తండ్రి ముఖం మీద ఉంది.

"మాన్‌సింగ్‌ను చంపాలని పిలిపించిండు," అన్నాడు పరశురాములు. "ఎందుకు?"

అఖిల తల వంచుకుంది. "పోయిన నెల చెల్పూర్ రోడ్డు మీద లారీ డ్రైవర్ కృష్ణ చచ్చిపోయిండు గదా. ఎవలో బండి ఎక్కించి, వెనుకకు తీసి మల్ల ఎక్కించిన్రు అన్నరు. గా తెల్లారి ఈయన షెడ్డు కాడ ట్రాక్టర్ ముందటి కమ్మీ కడుగుతుంటే మాన్‌సింగ్ చూసిండట. 'మేకను గుద్దినవా అన్నా' అని అడిగిండట. గంతే. గా పిలగానికి ఏం సమజ్ కాలే. ఈయనకు మాత్రం నెల సంది నిద్ర లేదు. గా రోజు అంగీ నేనే ఉతికిన."

"కృష్ణకు, గోవర్ధన్‌కు పగ ఏంది?"

"నాకు తెల్వదు. అడిగితే గొంతు పట్టిండు." పైట జరిపి చూపించింది. మెడకు రెండు వైపులా పచ్చగా మారిన వేళ్ల గుర్తులు.

అయిదింటికి మాన్‌సింగ్ మేజిస్ట్రేటు ముందు నోరు విప్పుతాడు. ఆ మేక మాట అక్కడ రావచ్చు. పరశురాములు గబుక్కున తిరిగాడు.

"గోవర్ధన్ ఏడి?"

"దవాఖానకు పోయిండు," అన్నది యాదమ్మ. "గా మాన్‌సింగును క్షమించిన అని చెప్పొస్తనన్నడు. కొరివి పెట్టినోనివి, గడప దాటొద్దు కొడకా అన్న. వినలే."

అబ్రహాం గొంతు సవరించుకున్నాడు. ఒక కన్ను మూసుకుపోయింది. రెండోది పరశురాములును చూడలేకపోయింది. "లోపలికి వదులమని కానిస్టేబుల్‌కు నేనే ఫోన్ చేసిన కాకా. జరసేపు పక్కకు పొమ్మన్న. తండ్రి చచ్చినోడు, మాట్లాడుకోనియ్యి అనుకున్న."

నాలుగు దాటి ఐదు నిమిషాలు. పరశురాములు రాజీకి ఫోన్ కలిపాడు. రెండో మోతకే ఎత్తింది. వెనక బజారు సప్పుడు.

"యాడున్నవు?"

"కింద మందుల దుకాణం కాడ బాపూ. సూదిమందు తెమ్మని గోవర్ధన్ సారు చిట్టి ఇచ్చిండు. తెల్ల పంచ కట్టుకొని వచ్చి, మా ఆయన కాళ్లకాడ కూసుండి ఏడ్చిండు. గసొంటి మనిషి మీద ఊకెనే…"

"ఉరుకు. ఫోన్ పెట్టకు. నీ మొగుణ్ని చంపనీకి వచ్చిండు వాడు. చేతికి ఏది దొరికితే గదే తీసుకొని కొట్టు. ఆలోచన చెయ్యకు, కొట్టు."

చెప్పులు మెట్ల మీద పడుతున్న సప్పుడు, తర్వాత చెప్పులు కూడా లేని పాదాల సప్పుడు. ఊపిరి. ఎవరో "ఏయ్, ఎటు" అన్నారు. తలుపు గోడకు కొట్టుకుంది. రాజీ తన తండా భాషలో ఏదో అరిచింది, ఫోను నేల మీద పడింది. ఇనుము దేన్నో గీరింది. తడి మూటను బండ మీద వేసినట్టు ఒక మోత. మళ్లీ. మళ్లీ. ఆగకుండా ఇంకా రెండు. తర్వాత ఎవరో దగ్గడం వినిపించింది. తెగని దగ్గు.

"రాజీ."

చాలాసేపటికి ఫోను ఎత్తింది. గొంతు ఆమెది కాదనిపించింది.

"దిండు మొఖం మీద పెట్టి కూసున్నడు బాపూ. తీసిన. మా ఆయన దగ్గుతున్నడు. పాణం ఉంది."

"వాడు?"

"గ్లూకోజ్ సీసా కట్టే ఇనుప కడ్డీ దొరికింది. నువ్వు చెప్పినట్టే కొట్టిన. చెవుల నుంచి నెత్తురు వస్తుంది. పిలుస్తున్న, లేస్తలేడు. కండ్లు తెరిచే ఉన్నయ్, లేస్తలేడు బాపూ. నన్నేం చేస్తరు గిప్పుడు?"

చెవికి ఆనించినా ఆ గొంతు మెట్ల దాకా వినిపించింది. అబ్రహాం గోడ పట్టుకున్నాడు. అఖిల చేతిలోంచి కొంగు జారింది. పరశురాములు ఫోను కిందికి దించలేదు.

యాదమ్మ రెండు మెట్లు పైకి ఎక్కి అతని ఎదురుగా నిలబడింది.

"ఎవరు, అన్నా," అన్నది. "లేస్తలేనిది ఎవరు?"